నలభై మూడు ప్రయత్నాలు

ముప్ఫై ఎనిమిదోసారి కూడా కప్పు సగం దారిలోనే ఆగింది.

నాగమల్లేశ్వరి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని చూస్తోంది. ఒడిలో మెంతికూర కట్ట, పక్కన గిన్నె. ఆకు తుంచి గిన్నెలో వేస్తూ, మధ్యమధ్య తలెత్తి కింద పిల్లలు ముగ్గురూ చేస్తున్న పని చూస్తోంది. రిషిత ఆమె మనవరాలు. రాజ్, మేగన్ రిషిత క్లాసువాళ్లు. ముగ్గురిదీ ఎనిమిదో తరగతి.

సైన్సు క్లాసు ప్రాజెక్టు కోసం ప్లైవుడ్ చెక్క మీద యంత్రం ఒకటి కట్టారు. మొదట పేర్చిన డామినో బిళ్లలు పడతాయి. చివరి బిళ్ల బొమ్మకారును తోస్తుంది. కారు వాలు మీద దిగి డబ్బాను కొడితే అందులోని గోళీలు పెరుగు కప్పులో పడతాయి. బరువుకు కప్పు కిందికి దిగుతుంది. కప్పుకు కట్టిన దారం రీలు మీదుగా వెళ్లి బట్టల క్లిప్పును లాగుతుంది. క్లిప్పు వదిలిన గోల్ఫ్ బంతి అట్ట గొట్టంలో దొర్లి నిలబెట్టిన పుస్తకాన్ని పడగొడుతుంది. పుస్తకం పడితే టీబ్యాగు వేడినీళ్ల కప్పులో మునుగుతుంది. మొదటి డామినోను తాకడం తప్ప మనిషి చెయ్యి ఎక్కడా పడకూడదు. ఇంత చేసి తాగేది పాలు లేని టీ అని తెలిసినప్పుడు నాగమల్లేశ్వరి, దీనికన్నా మా ఊరి టీకొట్టు ముసలాయన నయం కదే అంది. రిషిత ఆ మాట ఇంగ్లీషులో చెబితే మిగతా ఇద్దరూ నవ్వారు.

డామినోలూ కారూ పుస్తకమూ రిషితవి. బంతీ గొట్టమూ రాజ్‌వి. కప్పూ రీలూ దారమూ మేగన్‌వి. చెడిపోయేది ఎక్కువగా మేగన్ స్టెప్పే. దారం రీలు మీంచి జారుతుంది. గోళీలు కప్పులోంచి ఎగిరి పడతాయి. లేకపోతే ఇప్పటిలా కప్పు సగంలో ఆగుతుంది.

మేగన్ నేల మీద బోర్లా పడుకుని, చెంప చెక్కకు ఆనించి, కప్పును కింద నుంచి చూసింది. లేచి నలుపూ తెలుపూ చుక్కల అట్ట నోట్‌బుక్ తీసుకుని రాయడం మొదలుపెట్టింది. అది వాళ్ల సైన్సు టీచరు మిస్ హార్పర్ పెట్టిన నియమం. ఎవరి స్టెప్పు చెడితే వాళ్లే, వాళ్ల చేతిరాతతోనే రాయాలి. ఎన్నో ట్రయల్, ఎవరిది, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం మార్చాం. అయిదు గళ్లు. ఆ లాగ్ పుస్తకాన్ని జాగ్రత్త చేసే బాధ్యత రిషితది.

రాసిన తరవాత మేగన్ జేబులోంచి ఇనుప వాషరు ఒకటి తీసి, బరువు కోసం కప్పు అడుగున జిగురుతో అంటించింది. జిగురు ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకుంది. ఆరేలోపలే బయట కారు హారను మోగింది. వాళ్ల నాన్న వచ్చాడు. కారు విడిభాగాల కంపెనీలో ఆయన ఉద్యోగం పోయి రెండు నెలలైంది. ఇప్పుడు పిల్లల్ని తిప్పడం ఆయన పని. రేపు శనివారం తాను రావడానికి వీలుకాదని, తమ్ముణ్ని చూసుకోవాలని మేగన్ చెప్పింది. మెట్లెక్కుతూ నాగమల్లేశ్వరి దగ్గర ఆగి, రిషిత నేర్పిన మాట పలికింది.

"బై, అమామా."

శనివారం పొద్దున రిషితా రాజూ యంత్రాన్ని అయిదుసార్లు నడిపారు. అయిదుసార్లూ టీబ్యాగు నీళ్లలో పడింది. ముప్ఫై తొమ్మిది నుంచి నలభై మూడు దాకా ఆ అయిదూ వాళ్లిద్దరే రాశారు. రిషిత పైకి పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ నడుం పట్టుకుని గిరగిరా తిప్పింది.

*

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ ఎవరి పనిమీద వాళ్లు వెళ్లారు. నాగమల్లేశ్వరి డైనింగ్ టేబుల్ తుడుస్తుంటే చుక్కల నోట్‌బుక్ కనిపించింది. చెయ్యి తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని తెరిచింది.

రేపల్లె బాలికల హైస్కూల్లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం చెప్పింది ఆమె. కొన్ని వేల రికార్డులు దిద్దింది. ఇలాంటి పుస్తకం ఎన్నడూ చూడలేదు. పెన్సిల్‌తో కొంత, ఆకుపచ్చ ఇంకుతో కొంత. మూడు రకాల చేతిరాతలు. కొట్టివేతలు. ఒక పేజీ మీద జామ్ మరక. ఒక పేజీకి మెలితిరిగిన దారం ముక్క టేపుతో అంటించి ఉంది. మేగన్ రాతలో ప్రతి పంక్తికీ ఒక స్పెల్లింగు తప్పు. పదిహేడో ట్రయల్ దగ్గర, హీటరు మొదలైంది, గాలికి కప్పు ఊగింది, నా తప్పు కాదు అని రాసి, ఆఖరి మాట కొట్టేసి, ఊగుతుందని నేను ముందే చూసుకోవాల్సింది అని రాసింది.

ఇది మంగళవారం టీచరుకు ఇవ్వాల్సిన పుస్తకం. నూటికి నలభై మార్కులు దీనికే. ఇలాగే ఇస్తారా?

ఆమెకు తెలిసిన పద్ధతి ఒకటే. చిత్తు పుస్తకం వేరు, రికార్డు వేరు. చిత్తులో ఏమైనా ఉండొచ్చు, అది ఎవరూ చూడరు. రికార్డులో ఉద్దేశము, పరికరములు, పద్ధతి, పరిశీలనలు, ఫలితము. కుడి పేజీ మీద రాత, ఎడమ పేజీ మీద బొమ్మ. కొట్టివేత ఉంటే ఆ పేజీ చించి మళ్లీ రాయాలి. పరీక్షకు బయటి నుంచి వచ్చే ఎగ్జామినరు మొదట చూసేది అదే.

అలమరలో కొత్త నోట్‌బుక్ దొరికింది. చిత్తును ఒకసారి మొత్తం చదివింది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ఉంచాల్సిన వాటి పక్కన టిక్కు పెడుతూ చదివింది. మూడోసారి బొమ్మల కోసం చదివింది. స్కేలు పెట్టి ప్రతి పేజీకీ మార్జిను గీసింది. శీర్షికలు ఎర్ర ఇంకు, రాత నీలి ఇంకు. రీలు బొమ్మకు గాజు మూత బోర్లించి గుండ్రం గీసింది. పరిశీలనల పట్టికలో అయిదు ట్రయల్సే ఉంచింది. టీబ్యాగు నీళ్లలో పడినవి. మిగతా ముప్ఫై ఎనిమిదీ ఆమె దృష్టిలో ట్రయల్సే కావు, ట్రయల్‌కు ముందు పడ్డ పాట్లు. ఉట్టి కొట్టేవాడు ఎన్నిసార్లు జారిపడ్డాడో ఎవరు రాసుకుంటారు?

సోమవారం ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు మిగతాది పూర్తిచేసింది. సాయంత్రం కూతురు రజిని ఫోన్లో మీటింగు వింటూ అటుగా వచ్చి, ఏం రాస్తున్నావని సైగతో అడిగింది. పిల్ల రికార్డు ఫెయిర్ చేస్తున్నాను అంది నాగమల్లేశ్వరి. రజిని బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్లిపోయింది. ఆమె రికార్డులూ ఒకప్పుడు ఈ చేతి మీదుగానే ఫెయిర్ అయ్యాయి. అందులో అడగాల్సిందేమీ ఆమెకూ కనిపించలేదు.

రిషిత వచ్చి నోట్‌బుక్ ఏదని అడిగితే, అట్ట వేస్తున్నా, పొద్దున నీ సంచిలో పెడతాను అంది. అబద్ధం కాదు. కిరాణా సంచి కాగితం కత్తిరించి, మడతలు గోటితో నొక్కి, గోధుమరంగు అట్ట వేసింది. జనవరిలో ఇండియా నుంచి వచ్చినప్పుడు రిషిత పుస్తకాలన్నిటికీ అలాగే వేసింది. మీద లేబులు అంటించి రిషిత పేరూ తరగతీ సబ్జెక్టూ రాసింది. రికార్డు ఒకరి పేరు మీదే ఉంటుంది. చివరి పేజీలో, యంత్రము సంతృప్తికరముగా పనిచేయుచున్నది అనే వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాసి, కింద రెండు గీతలు గీసింది.

మంగళవారం పొద్దున కొత్త పుస్తకం రిషిత సంచిలోకి వెళ్లింది. చుక్కల పుస్తకాన్ని నాగమల్లేశ్వరి పాత పేపర్లతోపాటు వాకిట్లో నీలం డబ్బాలో వేసింది. పది గంటలకు రీసైకిల్ బండి వచ్చింది. ఇనుప చెయ్యి ఒకటి చాచి డబ్బాను ఎత్తి, కుమ్మరించి, మళ్లీ మంచులో పెట్టింది. ఆమె కిటికీలోంచి చూసింది. ఆ చెయ్యి మనిషి లేకుండా అంత పని చేయడం ఆమెకు ఎప్పుడూ ముచ్చటే.

*

మూడుంబావుకు స్కూలు బస్సు దిగి రిషిత ఇంట్లోకి వచ్చింది. గుమ్మం దగ్గర మెట్టు మీద కూర్చుని ఒక బూటు విప్పింది. నాగమల్లేశ్వరి జంతికల గిన్నె పట్టుకుని నిలబడింది.

"ఇచ్చావా పుస్తకం?"

"యా. బెల్ అయిపోతుంటే బాస్కెట్‌లో పడేసి పరిగెత్తాను."

"లోపల చూడలేదుటే?"

"లోపల ఏంటి? అట్ట వేశావు కదా, చూశాను. థాంక్యూ అమ్మమ్మా."

అప్పుడు నాగమల్లేశ్వరి చెప్పింది. దాచుకోలేక, పండక్కి చీర కొన్న మాట చెప్పినట్టు చెప్పింది. మార్జిన్ల సంగతీ, గాజు మూతతో గీసిన బొమ్మ సంగతీ, తప్పులన్నీ తీసేసిన సంగతీ.

రిషిత రెండో బూటు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

"తీసేశావా? ఏం తీసేశావు?"

"చెడిపోయినవే. బాగా వచ్చినవి అయిదూ ఉంచానుగా."

"పాత బుక్ ఎక్కడ ఉంది?"

"ఇంకా అదెందుకే? నీలం డబ్బాలో వేశాను. పొద్దున బండి పట్టుకుపోయింది."

రిషిత ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో, ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చుంది. జంతికల గిన్నె పట్టుకున్న చెయ్యి దించాలని నాగమల్లేశ్వరికి తోచలేదు. కాసేపటికి రిషిత మాట్లాడింది. గొంతు పెద్దవాళ్ల గొంతులా ఉంది.

"అమ్మమ్మా, అవి తప్పులు కాదు. మార్కులు వాటికే. ఎవరిది బ్రేక్ అయితే వాళ్లు రాస్తారు. మేగన్‌ది ట్వెంటీఫోర్ టైమ్స్ బ్రేక్ అయింది. తను చేసింది అంతా ఆ బుక్‌లోనే ఉంది." కొంచెం ఆగింది. "మేగన్ మొత్తం దాంట్లోనే ఉంది."

నాగమల్లేశ్వరి గిన్నె నేల మీద పెట్టింది. తలుపు తీసుకుని వాకిట్లోకి వెళ్లింది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మంచులో నడిచి నీలం డబ్బా మూత ఎత్తింది. అడుగున తడిసిన కూపను కాగితం ఒకటి అంటుకుని ఉంది. వంగి చెయ్యి లోపలికి పెట్టి ఆ కాగితం తీసి, రెండువైపులా చూసి, మళ్లీ వేసింది. మూత వేసింది. మళ్లీ ఎత్తి చూసింది.

*

అల్లుడు అమర్‌నాథ్ ఆఫీసు నుంచి రాగానే రీసైకిల్ కంపెనీకి ఫోన్ చేశాడు. పొద్దున సరుకు అప్పుడే నలిగి కట్టలైపోయిందని వాళ్లు చెప్పారు. అతను కార్ల బ్రేకులు పరీక్షించే చోట పనిచేస్తాడు. ఫోన్ పెట్టేసి అత్తగారి ఎదుట కూర్చుని, నెమ్మదిగానే చెప్పాడు.

"అత్తయ్యగారూ, మా దగ్గర బ్రేక్ పాసైందంటే ఎవరూ పట్టించుకోరు. ఎక్కడ ఫెయిలైందో ఆ కాగితమే అడుగుతారు. ఆ కాగితం మార్చినవాణ్ని మర్నాడు రానివ్వరు."

కోపంతో అన్న మాట కాదు. అందుకే ఎక్కువ తగిలింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో తాను మార్పించిన కాగితాలెన్నో లెక్క వేయబోయి నాగమల్లేశ్వరి మానేసింది.

రజిని టీచరుకు మెయిల్ రాయబోయింది. మా అమ్మ పెద్దావిడ, ఇండియాలో పద్ధతులు వేరు అని మొదలుపెట్టింది. రిషిత వచ్చి లాప్‌టాప్ మూత దించింది. లాగ్ కీపర్ తను కాబట్టి తనే చెబుతానంది.

బుధవారం చెప్పింది. మిస్ హార్పర్ కోప్పడలేదట. పుస్తకం తెరిచి పేజీలన్నీ తిప్పి చూసిందట. ఇందులో ఒక్క అక్షరమూ మీ ముగ్గురిలో ఎవరిదీ కాదు, దీనికి మార్కు వేయలేను అందట. ముగ్గురికీ నలభై పోయినట్టే. రిషితకూ రాజ్‌కూ ఇదివరకు వచ్చిన మార్కులు ఎక్కువ కాబట్టి గ్రేడు కొంచెం తగ్గుతుంది, అంతే. మేగన్‌కు సైన్సులో బి గ్రేడు ఉంది. వచ్చే ఏడు హైస్కూల్లో ఆనర్స్ సైన్సులో, అంటే పైస్థాయి తరగతిలో చేరాలంటే ఆ బి నిలవాలి. ఈ నలభై లేకపోతే నిలవదు.

"ఆ పిల్ల ఏమందే?" అని అడిగింది నాగమల్లేశ్వరి.

ఒక్కటే అడిగిందట. శనివారం కప్పు దిగిందా అని. అయిదుసార్లూ దిగిందని చెబితే, ఓకే అందట.

టీచరు తిప్పి పంపిన గోధుమ అట్ట పుస్తకం బల్ల మీద ఉంది. రిషిత పైకి వెళ్లిపోయాక నాగమల్లేశ్వరి దాన్ని దగ్గరికి లాక్కుంది. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి వెతికింది. లేబులు మీద రిషిత. ముప్ఫై తొమ్మిదో ట్రయల్ రిషిత. నలభై, రాజ్. నలభై ఒకటీ రెండూ రిషిత. నలభై మూడు రాజ్. పరికరముల దగ్గర చూసింది. పెరుగు కప్పు ఒకటి, దారపు రీలు ఒకటి, ఇనుప వాషరు ఒకటి. ఎడమ పేజీ మీద రీలు బొమ్మ, బాణం గుర్తులతో. పద్దెనిమిది పేజీలు తిప్పింది. మేగన్ పేరు ఎక్కడా లేదు.

మళ్లీ మొదటి నుంచి తిప్పింది. తన చేత్తో రాసిన పుస్తకమే. రాసేటప్పుడు ఆ పిల్లను తీసేస్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. చెడిపోయినవి తీసేస్తున్నాననే అనుకుంది. చేతులు చంకల్లో దోపుకుని కూర్చుంది. రజిని వచ్చి, అమ్మా కాఫీ తాగుతావా అని రెండుసార్లు అడిగితే రెండోసారికి వినబడింది.

"నన్ను రేపు స్కూలుకు తీసుకెళ్లు" అంది.

"అమ్మా, వెళ్లి సారీ చెబితే మార్కులు రావు."

"సారీ చెప్పడానికి కాదు. వైవా పెట్టమని అడగడానికి."

*

గురువారం స్కూలు వదిలిన తరవాత మిస్ హార్పర్ నాగమల్లేశ్వరినీ రజినినీ రిషితనూ తరగతి గదిలోనే కూర్చోబెట్టింది. టీచరు వయసు నలభై లోపే. చేతికి సుద్దకు బదులు మార్కరు ఇంకు. నాగమల్లేశ్వరి చెప్పాల్సింది ఇంట్లోనే ఇంగ్లీషులో కూర్చుకుని వచ్చింది. తడబడ్డచోట రజిని అందుకుంది.

మా ప్రాక్టికల్ పరీక్షల్లో ఇద్దరు పిల్లలకు ఒకే పరికరం ఇస్తాం. ఒకరిది చూసి ఒకరు రాశారని అనుమానం వస్తే, ఇద్దర్నీ విడదీసి, విడివిడిగా అడుగుతాం. కాపీ కొట్టినవాళ్లు దొరికిపోతారు. ఆ పుస్తకం నేను మూడుసార్లు చదివాను, ఏది తీసేయాలో చూసుకుంటూ చదివాను. మేగన్ ఒక గదిలో కూర్చుని గుర్తున్నది రాస్తుంది. నేను ఇంకో గదిలో రాస్తాను. మీరు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. కలిసినవి జరిగినవి. కలవనివి వదిలేయండి.

మిస్ హార్పర్ చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉంది. చెడిపోయిన ట్రయల్స్ గురించి ముగ్గురూ ఈ రెండు రోజుల్లో మాట్లాడుకున్నారా అని రిషితను అడిగింది. లేదంది రిషిత. మేగన్ అమ్మమ్మతో మాట్లాడిందా? లేదు. రాజ్ కూడా రాస్తాడా అంటే, మార్కులు తగ్గినా తన గ్రేడు బాగానే ఉంటుంది, అక్కర్లేదన్నాడని రిషిత చెప్పింది. సరే, మాట ఇవ్వలేను, చూస్తాను అంది టీచరు. మేగన్‌ను పిలిపించి లైబ్రరీలో కూర్చోబెట్టింది. నాగమల్లేశ్వరికి తరగతి గదిలో కిటికీ పక్క బల్ల ఇచ్చింది. నలభై అయిదు నిమిషాలు.

బల్ల పిల్లలది, మోకాళ్లు పట్టలేదు. పక్కకు తిరిగి కూర్చుని, ఒకటి నుంచి ముప్ఫై ఎనిమిది దాకా అంకెలు నిలువుగా వేసింది. కళ్లు మూసుకుంటే పేజీలు కనిపించాయి. జామ్ మరక ఉన్నది తొమ్మిదో ట్రయల్, దారం రీలు మీంచి జారింది. పన్నెండు, గోళీలు రెండు ఎగిరిపడ్డాయి. పదిహేడు, హీటరు గాలి. దారం ముక్క అంటించింది ఇరవై రెండు, దారం సాగిపోయింది, చేపలు పట్టే దారం తెచ్చారు. వరసగా కాదు, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాసుకుంటూ పోయింది.

అరగంటకు తొమ్మిది గళ్లు ఖాళీగా మిగిలాయి. ఖాళీ గళ్లున్న కాగితాన్ని ఆమె జీవితంలో ఎవరికీ ఇవ్వలేదు. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పట్టికలో గడి ఒకటి వదిలేసి, ఆ రీడింగు నాకు రాలేదు మేడం అంటే, పైదానికీ కిందిదానికీ మధ్య అంకె వేసెయ్యవే అని తానే చెప్పింది. ఇరవై తొమ్మిది దగ్గర కలం ఆగింది. దానికి ముందూ వెనకా దారం జారింది. మధ్యలోనూ అదే అయి ఉంటుంది. దారం జారింది అని రాసింది. రాసి, దాన్ని చూసింది. ఆ పేజీ కళ్ల ముందుకు రాలేదు. ఆకుపచ్చ ఇంకో పెన్సిలో కూడా రాలేదు. రాసిందాని మీద అడ్డంగా గీత కొట్టింది. గీత వంకరగా పోయింది. ఇంకో కాగితం అడగలేదు.

మిస్ హార్పర్ రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, వేలు దించుకుంటూ చదివింది. అందరూ నిలబడే ఉన్నారు. మేగన్ చేతులు స్వెటరు చేతుల్లోకి లాక్కుంది. ఇరవై తొమ్మిది దగ్గర టీచరు వేలు ఆగింది. ఈ కొట్టివేత ఏమిటని అడిగింది.

అది నాకు తెలియదు, ఊహించి రాశాను, అందుకే కొట్టేశాను అంది నాగమల్లేశ్వరి.

టీచరు మేగన్ కాగితం ఆమెవైపు తిప్పింది. ఇరవై తొమ్మిది దగ్గర పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది. ఇది నాది కాదు, రాజ్‌ది, బంతి గొట్టంలో ఇరుక్కుంది.

నాగమల్లేశ్వరి ఆ పంక్తిని రెండుసార్లు చదివింది. తన ఊహ గీత కింద ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. దాన్ని ఉంచి ఉంటే, ఆ పిల్ల చేయని తప్పొకటి ఆ పిల్ల లెక్కలో పడేది. పైన కలిసినవాటిని కూడా టీచరు నమ్మేది కాదు. కూర్చుందామని కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది. కుర్చీ అందలేదు. మేగన్ దాన్ని ముందుకు జరిపింది.

మేగన్‌వి ఇరవై నాలుగింట్లో పదిహేడు కలిశాయి. ఆ పదిహేడింటికీ మార్కులు వేస్తానంది మిస్ హార్పర్. బి నిలుస్తుంది, అంచు మీద. ఆనర్స్‌కు అంచు చాలు. రిషితకు మాత్రం లాగ్ మార్కులు లేవు. పుస్తకం జాగ్రత్త చేయడం, ఇచ్చేముందు తెరిచి చూడడం ఆమె పని.

తప్పు నాది, పిల్లది కాదని నాగమల్లేశ్వరి ఇంగ్లీషు మరిచి తెలుగులో మొదలుపెట్టింది. రిషిత ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, వద్దు. రూల్ అదే."

*

శుక్రవారం స్కూలు భోజనాల హాల్లో పది బల్లల మీద పది యంత్రాలు పెట్టారు. ఒక్కో జట్టుకు మూడు అవకాశాలు. పొద్దున అమర్‌నాథ్ వ్యానులో ప్లైవుడ్ చెక్కను అంగుళం కదలకుండా తెచ్చి దింపి ఆఫీసుకు వెళ్లాడు. నాగమల్లేశ్వరి గోడ పక్కన కుర్చీలో కూర్చుంది.

రిషిత కొత్త నోట్‌బుక్ ఒకటి తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. చుక్కల అట్టదే. మొదటి పేజీలో అయిదు గళ్లు గీసి ఉన్నాయి. స్కేలు పెట్టలేదు. మొదటి గడిలో నలభై నాలుగు అని అంకె.

"ఎవరి స్టెప్ బ్రేక్ అయితే వాళ్లు రాయాలి" అంది రిషిత. "ఇది నీది."

నవ్వడం లేదు. కోపంగానూ లేదు. పెన్ను ఇచ్చి యంత్రం దగ్గరికి వెళ్లిపోయింది.

నాగమల్లేశ్వరి కళ్లద్దాలు పెట్టుకుంది. ఎవరిది అన్న గడిలో తన పేరు రాసింది. ఏం జరిగింది: లాగ్ పుస్తకం పోయింది. ఎందుకు జరిగింది అన్నదానికి ఎక్కువసేపు పట్టింది. నాకు నీటుగా ఉండడం ఇష్టం అని రాసి, కొట్టేసి, అందులో ఉన్నది తప్పులని అనుకున్నాను అని రాసింది. ఏం మార్చాం అన్న గడి దగ్గర పెన్ను ఆపింది.

వాళ్ల వంతు వచ్చింది. రిషిత మొదటి డామినో మీద వేలు పెట్టింది. మేగన్ చెయ్యెత్తి ఆగమంది. తలెత్తి పైకప్పులోని జాలీకేసి చూసింది. వెచ్చటి గాలి వస్తోంది. కప్పు సన్నగా ఊగుతోంది. హాల్లో అందరూ దేనికోసమో తెలియక ఎదురుచూశారు. నాగమల్లేశ్వరికి తెలుసు. పదిహేడో ట్రయల్. హీటరు ఆగింది. కప్పు నిలబడింది. మేగన్ చెయ్యి దించింది.

డామినోలు పడ్డాయి. కారు దిగింది. గోళీలు కప్పులో పడ్డాయి. కప్పు దిగింది, సగం దాటి, చివరిదాకా. దారం బిగిసి క్లిప్పు ఊడింది. మేగన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వాషరు అంటించిన తరవాత అది దిగడం ఆమె చూడడం అదే మొదటిసారి.

బంతి గొట్టంలోకి వెళ్లింది. బయటికి రాలేదు.

పుస్తకం నిలబడే ఉంది. టీబ్యాగు గాల్లో వేలాడుతోంది. రాజ్ గొట్టం వైపు ఒక అడుగు వేసి ఆగాడు. ఇంకా రెండు అవకాశాలున్నాయని మిస్ హార్పర్ అంది.

రాజ్ గోడ దాకా నడిచి వచ్చి నాగమల్లేశ్వరి ముందు నిలబడి చెయ్యి చాపాడు. ఆమె నోట్‌బుక్కూ పెన్నూ రెండూ ఇచ్చింది. అతను నలభై అయిదు అని వేయబోతూ పై పంక్తి చూశాడు. చివరి గడి మీద వేలు పెట్టి, ఇది ఖాళీగా వదిలేశారేమిటని అడిగాడు.

"అది ఇంకా టెస్ట్ చెయ్యలేదు నాయనా" తనకొచ్చిన ఇంగ్లీషులో అంది ఆమె. "నీది రాయి. ఎక్కడ ఇరుక్కుందో ముందు చూసిరా."